సాఫ్ట్‌వేర్ రేడియో బోర్డుల ఉత్పత్తి పరీక్ష

సాఫ్ట్‌వేర్ రేడియోలో సంకేతాన్ని వడకట్టడం, విడమరచడం వంటి పనులు ఎక్కువగా ప్రోగ్రామే చేస్తుంది. ఈ భావనను 1990ల మొదట్లో ఇంజనీరు జోసెఫ్ మిటోలా ప్రచారంలోకి తెచ్చాడు. తెలంగాణలో ఇలాంటి రేడియో ఎలక్ట్రానిక్స్‌కు కేంద్రం హైదరాబాదు. 1962 నాటి రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్, 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అక్కడివే.

ఈ రేడియోల తయారీలో టంకం పూర్తయిన బోర్డును ముందు కెమెరాతో, చిప్‌ల అడుగున దాగిన టంకాన్ని ఎక్స్-రేతో చూస్తారు. తర్వాత కరెంటుకు పరిమితి పెట్టి విద్యుత్ ఇస్తారు. షార్ట్ ఉన్నా ఖరీదైన చిప్ కాలిపోకుండా ఈ జాగ్రత్త కాపాడుతుంది. 1990లో ప్రమాణంగా వచ్చిన జేటాగ్ పద్ధతి చిప్‌ల మధ్య తీగలను తనిఖీ చేస్తుంది.

అసలు కష్టం రేడియో భాగంలోనే. ఏడీ9361 వంటి రేడియో చిప్ 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. అంత విస్తృతిలో ప్రతి పౌనఃపున్యాన్నీ కొలుస్తూ కూర్చుంటే ఉత్పత్తి ఆగిపోతుంది. అందుకే కొన్ని బిందువులను ఎంచుకుంటారు. ఆ ఎంపికలోనే ఇంజనీరు నేర్పు తెలుస్తుంది. ప్రసారిణి సంకేతాన్ని, దాని బలం తగ్గించే అటెన్యుయేటర్ ద్వారా అదే బోర్డు గ్రాహకానికి పంపడం చవకైన మార్గం. కానీ రెండూ ఒకే గడియారంతో నడిస్తే గడియారం తప్పు బయటపడదు. గడియారపు స్ఫటికంలో పది లక్షలకు 20 వంతుల తేడా 2.4 గిగాహెర్ట్జ్ వద్ద 48 కిలోహెర్ట్జ్ అవుతుంది. కాబట్టి బయటి ప్రామాణిక గడియారంతో పోల్చక తప్పదు. వచ్చిన సవరణలను బోర్డు స్మృతిలోనే రాస్తారు. సైనిక పరికరాలకు భారత సైనిక ప్రమాణం జేఎస్‌ఎస్ 55555 ప్రకారం వేడి, చలి, కంపన పరీక్షలు అదనం.