చదువు ‘వచ్చింది’: ఒక జపాన్ క్రియాపదం, మన వీధిబడి చరిత్ర

గుడుపల్లెలో ఎవరినైనా “మీకు కన్నడం వస్తుందా?” అని అడిగి చూడండి. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి “వస్తుంది” అనే జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. సరిహద్దు దాటితే కన్నడిగులూ “బరుత్తె” అనే అంటారు. ఈత వస్తుంది, పద్యం నోటికి వస్తుంది, మరచిపోయిన పేరు గుర్తుకు వస్తుంది. నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ మనం ‘వచ్చు’ అన్న ఒకే క్రియను వాడుతున్నామని మీరు ఎప్పుడైనా గమనించారా?

జపాన్ భాషలో ‘ఒబొఎరు’ అనే క్రియ ఇలాంటిదే. అది చాలా మామూలు మాట. కొత్త వ్యక్తి పేరు గుర్తుపెట్టుకోవడమూ ఒబొఎరు, కొత్త ఉద్యోగంలో పని నేర్చుకోవడమూ ఒబొఎరు. గంభీరమైన శైలిలో చలి వేసిందన్నా ఇదే క్రియ. దీని పుట్టుక చూస్తే ఇన్ని అర్థాలు ఎలా కలిశాయో తెలుస్తుంది. ‘ఒమొఉ’ అంటే తలచు. దానికి ‘తనంతట తానే జరుగు’ అనే అర్థమిచ్చే ‘యు’ ప్రత్యయం చేరి ‘ఒమొహొయు’ అయింది. 8వ శతాబ్దపు ‘మన్యోషూ’ కవితా సంకలనంలో ఈ రూపం కనిపిస్తుంది. అదే తరువాత ‘ఒబొయు’గా, నేడు ‘ఒబొఎరు’గా మారింది. మొదటి అర్థం దాదాపు మన ‘నాకు తోచింది’. అయితే నేటి జపాన్ భాషలో పేరును గుర్తుపెట్టుకునేది, పనిని నేర్చుకునేది మనిషే, అతడు కర్త. తెలుగులో మాత్రం ‘నాకు’ ఇంకా అలాగే ఉంది.

ఈ పోలికను పట్టుకుని రెండు భాషలూ చుట్టాలని తీర్మానించకండి. జపాన్ పండితుడు సుసుము ఒనో జపాన్, తమిళ భాషల మధ్య సంబంధం ఉందని చాలా ఏళ్లు వాదించాడు. భాషాశాస్త్రవేత్తలలో ఎక్కువ మంది ఆ వాదాన్ని అంగీకరించలేదు.

చరిత్ర విద్యార్థికి ఈ క్రియలతో పనేమిటి? పాత పత్రాలను చదివేటప్పుడు వీటి అవసరం తెలుస్తుంది. 1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. కుప్పం, గుడుపల్లె ప్రాంతం అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కంగుంది జమీందారీ కింద ఉండేది. కానీ బడి లోపలి తీరును వివరంగా రాసినవాడు బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్. తెలుగు వ్యాకరణం రాసిన మనిషి కావడం వల్ల బడులను ఆసక్తితో చూశాడు. 1823 ఆగస్టు నాటి అతని నివేదిక ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయి. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226.

పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు; మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు మొదలయ్యేవి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెరుగుతూ. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అయితే పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండా చిలకల్లా వల్లిస్తారన్నది అతని ప్రధాన ఫిర్యాదు.

ఈ ఫిర్యాదును జాగ్రత్తగా చదవాలి. ఆ పిల్లలకు ‘పద్యం రావడం’ చదువుకు తొలి మెట్టు. జపాన్‌లో తొకుగావా కాలంలో ‘సొదొకు’ పేరుతో ఇదే పద్ధతి నడిచింది: చీనా గ్రంథాలను ముందు బిగ్గరగా చదివి కంఠస్థం చేయించేవారు, వివరణ తరువాత వచ్చేది. క్యాంప్‌బెల్ భాషలో వల్లెవేయడం వేరు, నేర్చుకోవడం వేరు. బడిలోని పిల్లవాడి భాషలో ఆ గీత అంత స్పష్టంగా లేదు. అలాగని క్యాంప్‌బెల్ చూసింది అబద్ధమని కాదు. చాలామంది పిల్లలకు ఆ రెండో మెట్టు అందనే లేదు. తగిన గురువులు లేరన్న అతని మాట కొట్టిపారేయదగ్గది కాదు.

నా దృష్టిలో అసలు చిక్కు మరొకచోట ఉంది. 9 లక్షలకు పైగా జనాభా ఉన్న ఆ జిల్లాలో బడికి వెళ్లినవారు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది. మిగిలిన పిల్లల గురించి మన భాష ఏమంటుంది? “వాళ్లకు చదువు రాలేదు” అంటుంది. ‘రాలేదు’ అనగానే చదువే దారి తప్పినట్టు ఉంటుంది. ఎవరు రానివ్వలేదో, ఎవరు పొలానికి పంపారో, ఏ అరుగు మీదికి ఎవరిని ఎక్కనివ్వలేదో ఆ వాక్యంలో కనిపించదు. ‘వచ్చు’లో కర్తకు చోటు లేదు. చదువు దానంతట అదే వస్తుందన్న అందమైన ఊహకు ఇది రెండో ముఖం. పైన చెప్పిన బెత్తం కూడా ఈ క్రియ వెనకే దాగి ఉంది.

మీలో చాలామంది మీ ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటి తరం అయి ఉండవచ్చు. అందుకే ఈ అభ్యాసం.

అభ్యాసం: మీ ఇంట్లోగాని, వీధిలోగాని “నాకు చదువు రాలేదు” అనే పెద్దావిడ ఒకరితో మాట్లాడండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తరువాత “రాలేదు” అన్న ప్రతిచోటా ఆగి, ఎందుకు రాలేదో, ఎవరు ఏం చేశారో అడిగి, అదే కథను కర్త ఉన్న వాక్యాలతో 200 పదాలలో తిరిగి రాయండి. ఆమెకు నోటికి వచ్చిన పాటలు, లెక్కలు, వైద్యాలు ఉంటే వాటినీ రాయండి. అవి ఎవరి దగ్గర నేర్చుకుందో అడగడం మరవకండి.