బళ్లారి రాఘవ

బళ్లారి రాఘవ (1880–1946) తెలుగు రంగస్థల నటుడు, ప్రయోక్త. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. తాడిపత్రి ఆయన పుట్టిన ఊరు. నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు మేనమామ. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి బళ్లారిలో వకీలుగా స్థిరపడ్డారు. పగలు కోర్టు, రాత్రి నాటకం!

రాగాలాపనలకు, పద్యాల ‘వన్స్‌మోర్’లకు అలవాటుపడిన ప్రేక్షకుల ముందు ఆయన పాటను తగ్గించి, మాటను, చూపును, మౌనాన్ని నమ్ముకున్నారు. ‘రామదాసు’లో పఠాను వేషం ఇందుకు పేరుమోసింది. దుర్యోధనుణ్నీ హిరణ్యకశిపుణ్నీ ఉత్త అరుపుల రాక్షసులుగా కాక, మనసున్న మనుషులుగా చూపారు. షేక్‌స్పియర్ పాత్రలను ఇంగ్లీషులోనే పోషించారు.

స్త్రీ వేషాలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటివారిని రంగస్థలం మీదికి తెచ్చారు. మగవారే ఆడవేషాలతో రాజ్యమేలుతున్న కాలంలో ఇది చిన్న సాహసం కాదు. బడి పెట్టకపోయినా, బండా కనకలింగేశ్వరరావు వంటి నటులకు గురువయ్యారు.

‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936), ‘రైతుబిడ్డ’ (1939) చిత్రాల్లో నటించారు. కానీ ఆయన బలమంతా రంగస్థలమే.