రక్త క్యాన్సర్ చాటున పెరిగే ట్రైగ్లిజరైడ్లు

ట్రైగ్లిజరైడ్లు రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు. పరగడుపు పరీక్షలో డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే షుగరు, మద్యం, థైరాయిడ్ లోపం, వంశపారంపర్యం చూస్తారు. చాలామందికి కారణం అక్కడే దొరుకుతుంది. అరుదుగా మాత్రం అసలు జబ్బు రక్త క్యాన్సర్. చిన్న ఊళ్లో బక్కచిక్కిన మనిషి రిపోర్టు చూసి నూనె మానెయ్యమని పంపడం తేలిక. కానీ నడుములో ఎముక నొప్పి, రక్తహీనత ఉన్నాయా అని అడగాలి.

కొవ్వు బాగా పెరిగిన రక్తాన్ని కంటితోనే పోల్చుకోవచ్చు. ట్యూబును మిషన్లో తిప్పితే ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. పైన తేటగా ఉండాల్సిన ద్రవం పాలలా కనిపిస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తిండి నుంచి వచ్చిన కొవ్వు మీగడ కడుతుంది. కాలేయం తయారుచేసిన కొవ్వయితే గంజిలా కలిసే ఉంటుంది.

రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ ఇస్తే కుక్కల్లో భోజనానంతరం తెల్లబడిన రక్తం తేటపడుతుందని 1943లో పాల్ హాన్ గమనించాడు. ఆ పని చేసేది లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమని 1955లో ఎడ్వర్డ్ కార్న్ చూపాడు. మైలోమా అనే మజ్జ క్యాన్సర్ ఉన్న రోగి రక్తంలో కొవ్వు రేణువులకు అంటుకునే యాంటీబాడీని 1965లో ఫ్రాన్సులో బోమాంట్ బృందం పట్టుకుంది. మజ్జలోని క్యాన్సర్ కణాలు ఒకే అచ్చులో పోసినట్టు తయారుచేసే ఇలాంటి ప్రోటీన్ ఒక్కోసారి ఆ రేణువులనో, హెపారిన్‌నో, ఎంజైమ్‌నో పట్టేస్తుంది. కొవ్వు కరగడం ఆగిపోతుంది. అప్పుడు కొవ్వు తగ్గించే మాత్రలు అంతగా పనిచేయవు. మైలోమా తగ్గితే కొవ్వూ దిగుతుంది.

రక్త క్యాన్సర్ కొవ్వును పెంచే రెండో దారి వాపు రసాయనాలది. పరాన్నజీవి సోకిన కుందేళ్లు ఎండిపోతున్నా వాటి రక్తంలో కొవ్వు పొంగడం శాస్త్రవేత్త ఆంథొనీ సెరామీని ఆలోచనలో పడేసింది. అందుకు కారణమైన కాకెక్టిన్ అనే రసాయనం, వాపు కలిగించే ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఒకటేనని 1985లో తేలింది. లింఫోమా వెంట కూడా రాగల, వాపు రసాయనాలు అదుపు తప్పే ప్రాణాంతకమైన హెచ్‌ఎల్‌హెచ్ జబ్బును గుర్తించే 2004 నాటి లక్షణాల్లో 265కు చేరిన ట్రైగ్లిజరైడ్లు ఒకటి.

లుకేమియా ఉన్న పిల్లల్లోనూ చికిత్సకు ముందే ఈ కొవ్వు పెరిగి ఉండవచ్చు. జబ్బు అణిగితే దిగుతుంది. అలా అణచగలిగిన తొలి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ సంస్థ పరిశోధనల నుంచే వచ్చింది. దానితో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ సాధించిన ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. నేటి చికిత్సలోని ఆస్పరాజినేజ్, స్టెరాయిడ్లు మళ్లీ ట్రైగ్లిజరైడ్లను పెంచగలవు. 1000 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది కనుక, ఆ పిల్లలకు కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.