ఎడారి ఇండ్లలో చలువకు చెల్లిన వెల

వేసవిలో ఢిల్లీకి బదిలీయై వచ్చిన తెలుగు కుటుంబమునకు మొదట వింతగొలుపు వస్తువు డెజర్ట్ కూలరు. రేకు పెట్టె, మూడు ప్రక్కల తడిసిన గడ్డి తెరలు, అడుగున నీటి తొట్టి, లోపల ఒక పంకా, చిన్న పంపు. ఇంతకు మించి దానిలో ఏమియు లేదు. అయినను మే మాసమున వడగాడ్పు వీచునపుడు అది గదిని చల్లబరచు తీరు చూచి కోస్తా జిల్లాలవారు ఆశ్చర్యపడుదురు. అదే పెట్టెను మచిలీపట్టణమునకు గొనిపోయినచో దాని మహిమ చాలవరకు నశించును. కారణము దాని పేరులోనే కలదు. అది ఎడారిలో పెరిగిన యంత్రము. తడి లేని గాలి దొరకిన చోటనే దాని విద్య చెల్లును. ఎడారి ప్రజలు తమ ఇండ్లను చల్లబరచుకొనుటకు ఏ కాలమున ఏమి వెల చెల్లించిరి, ఆ వెలను ఎట్లు తగ్గించుకొనిరి అను చరిత్ర ఈ చిన్న పెట్టె వెనుక దాగియున్నది.

ఇరాన్ దేశపు నడుమ యజ్ద్ అను ప్రాచీన నగరము కలదు. అచట సంవత్సరమంతయు కురియు వాన రెండు మూడు అంగుళములకు మించదు. వేసవి పగటివేడిమి 40 డిగ్రీలు దాటును. రాత్రులు మాత్రము చల్లబడును. పగటికిని రాత్రికిని గల ఈ భేదమే అచటి గృహనిర్మాణమునకు మూలధనము. మట్టి ఇటుకలతో మందమైన గోడలు కట్టిరి. ఎండవేడిమి ఆ గోడలోనికి మెల్లగా ప్రాకును. అది లోపలి ముఖమునకు చేరులోపల సూర్యుడు క్రుంకును. వీధివైపు కిటికీలుండవు. ఇల్లంతయు లోపలి ముంగిలివైపు మొగము త్రిప్పుకొని యుండును. మన మండువా లోగిళ్ళను ఎరిగినవారికి ఈ పొందిక పరిచితమే. అయితే ఒక భేదము కలదు. మండువా వానను ఇంటిలోనికి పిలుచును. యజ్ద్ ముంగిలి రాత్రి దిగిన చల్లగాలిని పట్టి, ప్రొద్దెక్కువరకు దాచియుంచును.

గాలిగోపురమను మాట మనకు దేవాలయములవలన అలవాటైనది. యజ్ద్‌లో ఇండ్లమీదనే నిజముగా గాలిని పట్టు గోపురములు కలవు. వానిని బాద్గీర్లందురు. దౌలతాబాద్ తోటలో 18వ శతాబ్దిలో కట్టిన బాద్గీరు ఎత్తు సుమారు 33 మీటర్లు. మీది గాలి దాని చీలికలలో దూరి, క్రిందికి దిగి, నీటి కొలనుపై ప్రాకి గదిలోనికి వచ్చును. గాలి స్తంభించిన దినమున ఆ గోపురమే పొగగొట్టమువలె లోపలి వేడిగాలిని పైకి లాగును. కొన్ని ఇండ్లలో నేలమాళిగ క్రిందుగా, కొండల పాదమునుండి వచ్చు భూగర్భపు కాలువనీరు పారుచుండెను. 2017లో యునెస్కో యజ్ద్ నగరమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను.

చూపరులు గోపురములను మెచ్చుకొని పోవుదురు గాని, అసలు పొదుపు కిటుకు వేరొకటి. ఆ ఇండ్లలో చల్లదనము మనుష్యునికడకు రాలేదు. మనుష్యుడే చల్లదనముకడకు పోయెను. ముంగిలికి దక్షిణమున, ఉత్తరముఖముగా నుండు నీడ గదులు వేసవికాపురమునకు; ఎదుటివైపు ఎండ తగులు గదులు శీతకాలమునకు. వేసవియందు మధ్యాహ్నము నేలమాళిగలో, సాయంకాలము ముంగిట, రాత్రి మిద్దెమీద. చాపలు, దిండ్లు చంకనబెట్టుకొని కుటుంబమంతయు ఇంటిలోనే వలస పోవుచుండెడిది. ఇదంతయు ఉచితమని భ్రమపడరాదు. ఒకే కుటుంబమునకు రెండు కాలములకు రెండు వరుసల గదులు, నేలమాళిగ, గోపురము కట్టించుకొనుట కలవారికే చెల్లినది. ఒంటిగది కాపురమువానికి మందపు గోడయు, మిద్దెయు మాత్రమే దక్కినవి.

మన దేశమున గోడకు బదులు నీటిని ఎక్కువగా నమ్మిరి. వట్టివేళ్ళ తడికలను తడిపి గదులను చల్లబరచు పద్ధతిని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో పేర్కొనెను. 19వ శతాబ్దిలో ఉత్తరదేశపు ఆంగ్లేయుల బంగళాలకు థర్మాంటిడోట్ అను చెక్కపెట్టె వచ్చెను. దాని ప్రక్కలకు తడిసిన వట్టివేళ్ళు, లోపల తూర్పారబట్టు యంత్రమువంటి రెక్కలు. బయట ఎండలో ఒక కూలివాడు పిడి త్రిప్పుచుండును. మరియొకడు నీరు చల్లుచుండును. దొరల ఖర్చుల పద్దులలో ఈ చలువ చౌకగా కనబడినదన్న, అది ఆ ఇద్దరి కూలి చౌక యగుటవలననే.

ఆ కూలివాని స్థానమున విద్యుత్తు నిలిచిన చరిత్ర అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో స్పష్టముగా కనబడును. ఫీనిక్స్, టూసాన్ నగరవాసులు 20వ శతాబ్ది మొదటి పాళ్ళలో వేసవి రాత్రులు తెరలు కట్టిన వసారాలలోను, ఆరుబయట మడతమంచములమీదను నిద్రించిరి. తడిపిన దుప్పట్లు వ్రేలాడదీసి గాలిని దానిగుండ రానిచ్చిరి. 1930 తరువాతి దశాబ్దమున ఆ తడి దుప్పటియే పెట్టెయైనది. చెక్కచట్రము, కోళ్ళగూటి వల, ఆస్పెన్ చెట్టు చెక్కతురుము, ఒక విద్యుత్ పంకా, కారు నీటిచుక్కలు. గృహస్థులు తమంతట తామే కొద్ది డాలర్లతో దీనిని చేసికొనిరి. ఆరిజోనా విశ్వవిద్యాలయమున థార్న్‌బర్గ్ అను ఆచార్యుడు దాని కొలతలను పరిశోధించి, సామాన్యులకు ఉపయోగపడు సూచనలను ప్రచురించెను. ఆర్థికమాంద్యపు దినములలో పేదయింటికి అంతకంటె మేలు చేసిన శాస్త్రము అరుదు.

దాని లెక్క సులభము. ఒక లీటరు నీరు ఆవిరియగునపుడు గాలినుండి గ్రహించు వేడిమి విద్యుత్తు కొలతలో సుమారు మూడింట రెండు యూనిట్లకు సమానము. పంకాకును పంపునకును ఖర్చగు విద్యుత్తు అందులో చిన్న భాగము. మిగిలిన పని పొడిగాలి దాహమే చేసిపెట్టును. అయితే జూలై, ఆగస్టు మాసములలో ఆరిజోనాకును ఒక ఋతుపవనము కలదు. గాలిలో తడి హెచ్చగనే పెట్టె చతికిలబడును, గదిలో ఉక్క పోయును.

ఆ రెండు మాసముల ఉక్కయే శీతలయంత్రమునకు తలుపు తెరచినది. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్ ముద్రణశాలలో కాగితముల కోసము రూపొందించిన యంత్రము, రెండవ ప్రపంచయుద్ధము తరువాత సామాన్యుల ఇండ్లకు చేరెను. 1940లో సుమారు 65 వేల జనాభా గల ఫీనిక్స్ 1960 నాటికి 4 లక్షల 39 వేలకు పెరిగెను. (ఈ యంత్రములను టన్నులలో కొలుచుట చూచి అది వాని బరువని తలచువారు కలరు. ఒక టన్ను మంచుగడ్డ ఒక దినములో కరగుచు ఎంత వేడిమిని పీల్చుకొనునో అదియే ఆ టన్ను. మంచు వర్తకమునాటి కొలత.) యంత్రము రాగనే ఇల్లు మారెను. వసారాలు పోయెను. గోడలు పలుచనాయెను. పడమటి ఎండకు ఎదురుగా పెద్ద అద్దపు కిటికీలు వెలసెను. వెనుక గోడ చేసిన పని నిప్పుడు మీటరు చేయవలసివచ్చెను. మనుష్యుడు కూర్చున్న చోట కూర్చుండగా, ఇల్లంతటికిని చలువ తెప్పించుకొను అలవాటు ఇట్లు స్థిరపడెను.

ఆ రాష్ట్రమువారు గడియారమును గూడ లెక్కలోనికి తీసికొనిరి. వేసవిలో గడియారమును ఒక గంట ముందుకు త్రిప్పు అమెరికా చట్టమును 1967లో ఒక యేడు పాటించి, 1968లో విడిచిపెట్టిరి. ఇతర ప్రాంతములవారు సాయంకాలపు వెలుగు కోరుదురు. ఎడారివారు సూర్యుడు త్వరగా క్రుంకిన చాలుననుకొందురు.

తరువాత విద్యుత్ సంస్థలు మధ్యాహ్నము, సాయంకాలము ఒక ధర, మిగిలిన వేళల తక్కువ ధర అను పద్ధతిని తెచ్చెను. దీనికి గృహస్థులు కనిపెట్టిన ఉపాయము చిత్రమైనది. చౌకవేళలలో, అనగా ఉదయము ఇంటిని బాగుగా చల్లబరచి, ధర హెచ్చిన గంటలలో యంత్రమును మందగింపజేయుదురు. గోడలు దాచియుంచిన చలువ సాయంకాలమువరకు ఆదుకొనును. యజ్ద్ గోడ చేసిన పనియే యిది. పలుచని గోడలయింట ఈ ఉపాయము ఒక గంటలో కరగిపోవును. అందుచే మొదట అటకమీద వేడిని ఆపు పొర పరచుట, గాలిగొట్టముల చీలికలు మూయుట, పడమటి కిటికీకి బయటనుండి నీడ కల్పించుట జరుగవలెను. లోపల తెర వేసిన ప్రయోజనము కొద్ది, అద్దము దాటిన ఎండ అప్పటికే ఇంటి అతిథి యైనది. పంకా మనుష్యుని చల్లబరచును గాని గదిని చల్లబరచదు. ఎవరును లేని గదిలో అది తిరుగుట వట్టి ఖర్చు.

ఈ లెక్కలు కొందరికి ప్రాణముల లెక్కలు. 2018లో ఫీనిక్స్ సమీపమున ఒంటరిగా నివసించు వృద్ధురాలి ఇంటికి, యాభై డాలర్లకు కొంచెము మించిన బాకీ నిమిత్తము, 40 డిగ్రీలు దాటిన దినమున విద్యుత్తు నిలిపివేసిరి. ఆమె వేడిమికి మరణించెను. ఆ సంగతి వెల్లడియైన పిమ్మట 2019 జూన్‌లో రాష్ట్ర నియంత్రణ సంఘము బాకీల నిమిత్తము వేసవిలో విద్యుత్తు నిలుపుటను ఆపివేసెను. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 దినములు 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ నగరము గల మారికోపా కౌంటీలో ఆ సంవత్సరము వేడిమి సంబంధమైన మరణములు 645. ఇండ్లలోనే మరణించినవారిలో అధికుల యింట శీతలయంత్రము ఉన్నను పనిచేయుట లేదు.

మన దేశమున 2020 జనవరినుండి గది శీతలయంత్రములను 24 డిగ్రీలవద్ద అమర్చి అమ్మవలెనని నిబంధన వచ్చెను. ఒక్క డిగ్రీ హెచ్చించిన సుమారు నూటికి ఆరు పాళ్ళ విద్యుత్తు మిగులునని ప్రభుత్వపు అంచనా. జోధ్‌పూరు, జైసల్మేరులవంటి చోట్ల కూలరు నేటికిని చౌక. కాని అది త్రాగు నీరు ఎడారిలో చౌక కాదు.

యజ్ద్‌లో ఇపుడు పెక్కు బాద్గీర్ల అడుగున గదులు ఖాళీ. ఇరాన్ పట్టణముల మిద్దెలమీద తొట్టినీటితో నడుచు కూలర్లు వరుసలు తీరియున్నవి. ఢిల్లీ క్వార్టర్లలో ఏప్రిల్ మాసము రాగానే పాత తెరలు విప్పి, క్రొత్త చెక్కతురుము నింపుదురు. ఆరిజోనాలో ఆస్పెన్ తురుము చేసిన పని నిచట ఆ తురుము చేయును. పాతవాసన మానలేనివారు కొందరు వట్టివేళ్ళ తెరలే వేయింతురు. జూలైలో మొదటి వాన కురిసి గాలి చెమ్మగిల్లగనే తొట్టి నీరు పారబోసి, కిటికీ తలుపులు తెరచివేయుదురు.