మచ్చ, పత్రం, సంకేతం : టీకా ధ్రువీకరణ చరిత్రలో మనిషి గుర్తింపు

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'టీకా' అనే మాటకు రెండు వాడుకలున్నాయి. గ్రంథంలోని పదాలకు చెప్పే అర్థవివరణ ఒకటి. 'టీకాతాత్పర్యాలు' అన్న జంటపదంలో ఉన్నది ఇదే. మశూచి వంటి వ్యాధులు సోకకుండా వేసే మందు రెండవది. ఈ రెండవ అర్థం ఉత్తరాది భాషల్లో నుదుటి బొట్టుకూ, ఒంటి మీది గుర్తుకూ వాడే 'టీకా' శబ్దంతో ముడిపడినది. పద్దెనిమిదో శతాబ్దపు బెంగాల్‌లో ఊరూరా తిరిగి మశూచి పొక్కుల రసాన్ని చర్మంలోకి ఎక్కించి, తేలికపాటి వ్యాధిని రప్పించి, పెనువ్యాధి నుండి కాపాడే వృత్తికారులను 'టీకాదారులు' అనేవారు. హాల్వెల్ 1767లో ఈ పద్ధతిని వివరంగా వర్ణించాడు. అంటే ఈ చికిత్సకు మన భాషల్లో స్థిరపడిన పేరు మందును గాక, అది ఒంటిపై మిగిల్చిన గుర్తును స్ఫురింపజేస్తుంది.

2021లో కోవిడ్ టీకా ధ్రువపత్రాన్ని ఫోనులో చూపి విమానమెక్కిన ప్రయాణికుడికి ఆ గుర్తు ఒంటి మీద లేదు. దాని స్థానంలో నలుపు తెలుపు గళ్ల సంకేతం ఒకటి ఉంది. ఈ మార్పు ఎలా జరిగిందో, దాని వల్ల ఎవరికి ఏ భారం పెరిగిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. టీకా రుజువు అడిగేవారు నిజానికి మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. టీకా పడిందా? పడినది ఈ మనిషికేనా? ఆ మాట చెబుతున్నవారిని నమ్మవచ్చునా? మచ్చ, పత్రం, సంకేతం అనే మూడు సాధనాలు ఈ మూడు ప్రశ్నలకూ సమానంగా జవాబు చెప్పలేదు. ఒక్కొక్క సాధనం ఒక లోటును పూరిస్తూ మరొక లోటును మిగిల్చిందన్నది ఇక్కడి ప్రతిపాదన.

2. శరీరమే సాక్ష్యం

ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ప్రయోగించి 1798లో ప్రకటించిన గోమశూచి టీకా భారతదేశంలో తొలిసారి 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ల బాలికకు పడింది. అక్కడి నుండి అది ఒక బిడ్డ చేతి పొక్కు నుండి మరొక బిడ్డ చేతికి పాకుతూ మద్రాసుకూ ఇతర ప్రాంతాలకూ చేరింది. మందును నిలవ ఉంచే సౌకర్యం లేని ఆ రోజుల్లో మనిషి చెయ్యే మందు పాత్ర.

థామస్ హికీ 1805లో మైసూరు రాజకుటుంబ స్త్రీలు ముగ్గురిని చిత్రించాడు. అందులో ఒక రాణి చీర చెంగు తొలగించి భుజాన్ని చూపుతున్న తీరు గోమశూచి టీకాను సూచిస్తుందనీ, మరొక స్త్రీ ముక్కు, నోటి చుట్టూ ఉన్న రంగు మార్పు పాత పద్ధతి టీకాను సూచిస్తుందనీ చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్ వ్యాఖ్యానించారు. ఈ వ్యాఖ్యానాన్ని అంగీకరిస్తే, ఆ చిత్రంలో రాజశరీరమే ప్రజలకు చూపిన ధ్రువపత్రం అవుతుంది.

ఆ కాలంలో ఒప్పించడానికి శరీరంతోపాటు కథ కూడా అవసరమైంది. ద్రావిడ భాషలు ఒక ప్రత్యేక కుటుంబమని 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మనకు సుపరిచితుడు. గోమశూచిని దేవతానుగ్రహంగా చూపుతూ, ధన్వంతరిని పాత్రగా చేసి ఆయన ఒక కథ కూడా రచించాడు. మశూచిని అమ్మవారుగా కొలిచే సమాజంలో ప్రభుత్వోద్యోగి మాటకు చాలని ప్రామాణ్యాన్ని దేవత నోట పలికించే ప్రయత్నమది. మూడవ ప్రశ్న, అంటే చెప్పేవారిని నమ్మవచ్చునా అన్నది, అప్పుడే తలెత్తిందని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

మచ్చకు ఒక గొప్ప సుగుణం ఉంది. అది మనిషిని విడిచిపోదు. ఒకరి మచ్చను మరొకరు అరువు తెచ్చుకోలేరు. కనుక మొదటి రెండు ప్రశ్నలకూ అది ఒక్కసారే జవాబు చెబుతుంది. చదువు రానివారికీ, పేరు నమోదు కానివారికీ అది సమానంగా పనిచేస్తుంది. అయితే మచ్చకు తేదీ లేదు. టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుందని తేలాక, ఎప్పుడు వేశారన్న ప్రశ్నకు మచ్చ జవాబు చెప్పలేకపోయింది.

3. తనిఖీ, ధ్రువపత్రం

1880 నాటి టీకా చట్టం ఈ లోటును కాగితంతో పూరించింది. ఎంపిక చేసిన పురపాలక సంఘాలకూ, కంటోన్మెంట్లకూ వర్తింపజేయడానికి వీలుగా రూపొందిన ఈ చట్టం పాత పద్ధతి టీకాను నిషేధించి, పిల్లలకు గోమశూచి టీకాను తప్పనిసరి చేసింది. టీకా వేసిన వెంటనే ధ్రువపత్రం ఇవ్వరు. బిడ్డను మళ్లీ తనిఖీకి తీసుకురావాలి. టీకా ఫలించిందని తేలాకే పత్రం దక్కుతుంది.

చేతి నుండి చేతికి టీకా వేసే పద్ధతి సాగినంతకాలం ఈ తనిఖీకి మరొక ముఖం ఉంది. ఎనిమిదవ రోజు ప్రాంతంలో పండిన పొక్కును చూడటమే గాక, దాని నుండి రసం తీసి మరొక బిడ్డకు ఎక్కించేవారు. బిడ్డ చెయ్యి ఏకకాలంలో రుజువూ, ముడిసరుకూ అయింది. తల్లులు తనిఖీకి వెనుకాడటాన్ని అధికారులు తరచు మూఢవిశ్వాసంగా నమోదు చేశారు. కానీ బిడ్డకు కలిగే బాధ, ఎవరి ఒంటి రసం ఎవరికి చేరుతుందోనన్న కుల సంకోచం కూడా అందులో ఉన్నాయి. ధ్రువపత్రం పొందడానికి చెల్లించిన ఈ మూల్యం ఆ పత్రంలో ఎక్కడా కనిపించదు.

4. ప్లేగు: పేరు అవసరమైన వేళ

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. 1897 జనవరి 10న వాల్డెమర్ హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను తనకే వేసుకున్నాడు. ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. సూదితో చర్మం కింద ఎక్కించే ఈ టీకా మశూచి టీకా వలె నిలిచిపోయే మచ్చను మిగల్చదు. చరిత్రలో ఇది కీలకమైన మలుపు. శరీరం మౌనం వహించగానే కాగితం మాట్లాడవలసి వచ్చింది. బొంబాయి ప్రెసిడెన్సీలో టీకా వేయించుకున్నవారికి ధ్రువపత్రాలిచ్చి, నిర్బంధ నియమాల నుండి సడలింపులు కల్పించారు. ఇళ్లలో సోదాలు, రైల్వే స్టేషన్లలో తనిఖీలు, వ్యాధి సోకినవారి కుటుంబాలను శిబిరాలకు తరలించడం సాగుతున్న రోజులవి. పుణె ప్లేగు అధికారి రాండ్‌పై 1897 జూన్ 22న జరిగిన దాడి ఆ ఆగ్రహ తీవ్రతకు సాక్ష్యం. అటువంటి వేళ ఆ పత్రం విలువ ఆరోగ్యంలో కంటే ఇంటి గడపను కాపాడుకోవడంలో ఎక్కువగా కనిపించింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో 'ప్లేగు పాస్‌పోర్టు' పద్ధతి అమలైంది. వ్యాధి ఉన్న ప్రాంతం నుండి వచ్చే ప్రయాణికుడి పేరూ, గమ్యమూ రాసి పత్రం ఇచ్చేవారు. అతడు చేరిన చోట పది రోజులపాటు అధికారుల ఎదుట హాజరు కావాలి. ఇది టీకా రుజువు కాదు, నిఘా పత్రం. అయినా రెండింటి అమరిక ఒక్కటే. పేరున్న కాగితం, దాన్ని మోసే మనిషి, ఆ రెండూ సరిపోలాయని చూసే అధికారి. ప్రపంచంలో మొదటిదిగా చెప్పే వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో ఏర్పడినదీ 1897లోనే. ఒక దాని నుండి మరొకటి పుట్టిందని చెప్పలేం గాని, మనిషిని పత్రంతో ముడివేసే ఆతురత ఆ నాటి పాలనలో ఎంతగా వ్యాపించిందో ఈ సామీప్యం తెలుపుతుంది.

1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో మరణించారు. వారందరికీ టీకా ఒకే సీసా నుండి, '53ఎన్' అనే సంఖ్య గల సీసా నుండి వేశారు. నింద హాఫ్‌కిన్‌పై పడింది. దోషం ప్రయోగశాలది కాదని ఒప్పుకోవడానికి 1907 దాకా పట్టింది. సీసాకు సంఖ్య ఉండటం వల్లనే ఈ విచారణ సాధ్యమైంది. మనిషికి గుర్తింపు ఉన్నట్టే మందుకూ గుర్తింపు ఉండాలన్న పాఠం ఇందులో ఉంది. తరువాతి ధ్రువపత్రాలలో కనిపించే బ్యాచి సంఖ్య టీకా పొందినవారి పక్షాన నిలిచే రుజువు. ప్రభుత్వం పౌరుణ్ణి అడిగే రుజువులతోపాటు, పౌరుడు ప్రభుత్వాన్ని అడగగల రుజువు కూడా అదే కాగితంలో ఉండాలి.

5. ఓడరేవుల్లో తెలుగువారు

మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ వెళ్లిన తొలి ఒప్పంద కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వలస కూలీల జాబితాలలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా వంటి వివరాలతోపాటు ఒంటి మీది గుర్తులనూ నమోదు చేసేవారు. ఇక్కడ పేరూ, మచ్చా ఒకే వరుసలోకి వచ్చాయి. కానీ పేరు విదేశీ గుమాస్తా చెవికి వినబడినట్టు రాయబడింది. మన ఇంటిపేరు వ్యవస్థకు ఆ పట్టికలో గడి లేదు. తండ్రి పేరో, కులసూచకమో తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడిన సందర్భాలు దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలలో ఉన్నాయి. గుర్తింపు కోసం చేసిన నమోదే గుర్తింపును మార్చివేసింది.

6. అంతర్జాతీయ పత్రం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో ఆమోదించిన అంతర్జాతీయ పారిశుధ్య నిబంధనలు మశూచి, కలరా, పచ్చజ్వరం టీకాలకు ఒకే నమూనా ధ్రువపత్రాన్ని ఏర్పరచాయి. మశూచి టీకా పత్రం మూడేళ్లు, కలరా పత్రం ఆరు నెలలు చెల్లేవి. పత్రంపై టీకా పొందినవారి సంతకం, వైద్యుడి సంతకం, ఆమోదిత ముద్ర ఉండాలి. మచ్చకు లేని తేదీ ఇక్కడ లభించింది. అయితే ముద్రను దొంగిలించవచ్చు, సంతకాన్ని అనుకరించవచ్చు. మచ్చలో విడదీయరాకుండా ఉన్న మనిషీ, రుజువూ కాగితంలో విడిపోయాయి.

విశేషమేమంటే, మశూచి నిర్మూలన చివరి దశలో క్షేత్ర సిబ్బంది మళ్లీ మచ్చనే ఆశ్రయించారు. ఎంతమందికి టీకా అందిందో తెలుసుకోవడానికి చేతి మీది మచ్చలను లెక్కించారు. దప్తరంలోని అంకెల కంటే చెయ్యి నమ్మదగినదని వారి అనుభవం. 1980 మే 8న ప్రపంచం మశూచి నుండి విముక్తమైందని ప్రకటించారు. ఆ తరువాత పుట్టినవారి భుజాలపై మశూచి టీకా మచ్చ లేదు.

7. సంకేతం పలికేదీ, పలకనిదీ

2021 జనవరి 16న కోవిడ్ టీకా కార్యక్రమంతోపాటు కోవిన్ వేదిక పని ప్రారంభించింది. దాని ధ్రువపత్రంలోని సంకేతానికి డిజిటల్ సంతకం ఉంటుంది. జారీ చేసిన తరువాత ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం సరిపోలదు. కనుక జారీ చేసినది ఎవరన్న ప్రశ్నకు ఇంత దృఢమైన జవాబు ఇంతకు ముందు లేదు. అయితే సంతకం ధ్రువీకరించేది నమోదు మారలేదన్న విషయాన్నే. నమోదు నిజమన్న విషయాన్ని కాదు. వేయించుకోని డోసుకు టీకా పూర్తయిందన్న సందేశాలు అందిన ఉదంతాలు పత్రికలలో వచ్చాయి. అటువంటి పత్రాన్ని సాంకేతికంగా పరీక్షిస్తే అది నిక్కమైనదిగానే తేలుతుంది. నమోదు చేసే గుమాస్తా చేయి తడబడితే శరీరానికి తన పక్షాన చెప్పుకోవడానికి ఏ గుర్తూ లేదు.

రెండవ సమస్య ప్రవేశానికి సంబంధించినది. 2021 మే 1 నుండి 18-44 ఏళ్లవారికి మొదట ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి అయింది. స్మార్ట్‌ఫోనూ, అంతర్జాలమూ లేనివారి స్థితిని సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో ప్రశ్నించింది. అంతకు కొద్ది రోజుల ముందే ప్రభుత్వ కేంద్రాలలో నేరుగా నమోదుకు వీలు కల్పించారు. సంచార జీవులు, ఖైదీలు, యాచకులు, వృద్ధాశ్రమవాసులు వంటి గుర్తింపు పత్రాలు లేనివారికి టీకా వేసే విధానాన్ని కేంద్రం మే 6న ప్రకటించింది. టీకాకు ఆధార్ ఒక్కటే తప్పనిసరి కాదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకు తెలిపింది. ఇన్ని సవరణలు అవసరం కావడమే ఒక విషయాన్ని రుజువు చేస్తుంది. టీకాదారు ఊరికి వచ్చిన కాలంలో చెయ్యి చాపితే చాలు. ఇప్పుడు చెయ్యి చాపడానికి ముందు తానెవరో నిరూపించుకోవాలి.

మూడవది సరిహద్దుల సమస్య. 2021 సెప్టెంబరులో బ్రిటన్ కోవిషీల్డ్‌ను అంగీకరిస్తూనే భారత ధ్రువపత్రంపై సందేహం వ్యక్తం చేసింది. పత్రంలో పూర్తి పుట్టిన తేదీ లేకపోవడం చర్చకు వచ్చిన అంశాలలో ఒకటి. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు నవంబరు 3న లభించింది. అమెరికా విదేశీ ప్రయాణికులకు టీకా నియమాన్ని అమలు చేసినది నవంబరు 8న. అక్కడి పిల్లల దగ్గరకు వెళ్లదలచిన తెలుగు తల్లిదండ్రులలో కోవాగ్జిన్ వేయించుకున్నవారికి ఆ అయిదు రోజుల ఎడమే ప్రయాణాన్ని సాధ్యం చేసింది. వారి పత్రం నిజం, టీకా నిజం, మనిషి నిజం. గుర్తింపు రావలసినది మాత్రం మరొక చోటి నుండి. వీటికి తోడు, ఇంటిపేరు ఒక పత్రంలో పొడి అక్షరంగానూ మరొక దానిలో పూర్తిగానూ ఉండే మన అలవాటు ప్రతి సరిహద్దులోనూ సంజాయిషీ కోరేదే. నేటాల్ ఓడ జాబితాలో లేని గడి నేటి కంప్యూటరు పట్టికలోనూ లేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. మచ్చ మనిషిని గుర్తించింది, కాలాన్ని మరచింది. పత్రం కాలాన్ని రాసింది, మనిషిని వదులు చేసింది. సంకేతం జారీదారును దృఢపరచి, తొలి నమోదులోని తప్పును కూడా అంతే దృఢపరచింది. రుజువు శరీరానికి దూరమయ్యే కొద్దీ దాన్ని సరిచూసే శక్తి సామాన్యుడి చేతి నుండి కార్యాలయానికి తరలిపోయింది.

జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెబుతూనే, ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు విధించే అధికారాన్ని గుర్తించింది. ఆనాటి పరిస్థితులలో టీకా వేయించుకోనివారిపై కొన్ని ప్రభుత్వాలు పెట్టిన ఆంక్షలు తగిన పరిమాణంలో లేవని కూడా పేర్కొన్నది. ఆ తీర్పు సరసన ఈ చరిత్ర చేర్చగలిగేది ఒక్కటే. రుజువు అడిగే హక్కు ఉన్నచోట, తప్పుడు నమోదును సరిదిద్దే బాధ్యతా, పత్రం లేనివారికి మరొక దారి చూపే బాధ్యతా ముందే రాసిపెట్టి ఉండాలి. ముల్కోవాల్ సీసాపై సంఖ్య ఉన్నందువల్లనే అయిదేళ్ల తరువాతనైనా నిజం బయటపడింది. రాబోయే మహమ్మారిలో ప్రతి ధ్రువపత్రానికీ అటువంటి సరిదిద్దుబాటుకు ఆధారం ఉండాలి.