టేబుల్ మీద పెట్టారా, అటకెక్కించారా?

2007 నాటి సంగతి. అమెరికా క్లయింటుతో రాత్రి తొమ్మిదిన్నర కాల్. మా డేటా మైగ్రేషన్ డిజైన్ మీద అరగంట వాదులాట అయ్యాక అవతలి మేనేజరు "లెట్స్ టేబుల్ ఇట్" అన్నాడు. అందరూ ఓకే అన్నారు, నేనూ అన్నాను. బిల్లు టేబుల్ చేశారు అంటే సభ ముందు పెట్టారని చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు పేపర్లో చదువుతున్నవాణ్ణే కదా! మన ప్రపోజల్ ముందుకెళ్ళిందనుకుని, శని ఆదివారాలు కూర్చుని ప్రోటోటైప్ చేసేద్దామని టీమ్‌కి చెప్పేశా. ఓ కుర్రాడు అక్క నిశ్చితార్థానికి రాజమండ్రి వెళ్ళాల్సింది, టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడు.

సోమవారం డెమో చూపిస్తానంటే అవతల కాసేపు నిశ్శబ్దం. "దాన్ని టేబుల్ చేశాం కదా?" అన్నాడాయన. "అవును, అందుకే చేసేశాం" అన్నాను నేను.

అమెరికాలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడం. మన భాషలో అటకెక్కించడం. బ్రిటన్‌లో సరిగ్గా ఉల్టా, చర్చకి పెట్టడం. మనకి ఇంగ్లీషు ఒకళ్ళ దగ్గర్నుంచి వచ్చింది, జీతం ఇంకొకళ్ళ దగ్గర్నుంచి వస్తోంది, మధ్యలో ఇదీ తంతు.

ఈ గోతిలో పడింది నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. రెండు వారాలు దాటగానే, డిసెంబర్ 22న, చర్చిల్ తన సేనాధిపతుల్ని వెంటబెట్టుకుని వాషింగ్టన్‌లో దిగాడు. 1942 జనవరి 14 దాకా సాగిన ఆ చర్చలకి ఆర్కేడియా అని పేరు. ముందు జర్మనీ సంగతి చూడాలన్న మాట ఖాయమైంది అక్కడే. అలాంటి చోట బ్రిటిష్ వాళ్ళు ఒక కాగితం తయారుచేసి, ఇది అర్జెంటు, టేబుల్ చేద్దాం అన్నారట. అమెరికన్లు ససేమిరా వద్దన్నారట, ఇంత ముఖ్యమైనదాన్ని సొరుగులో పడేస్తారా అని. చాలాసేపు, కాస్త ఘాటుగానే, వాదించుకున్నాక తేలిందేమంటే ఇద్దరూ కోరుతున్నది ఒకటే! ఇది చర్చిలే తన యుద్ధ చరిత్ర మూడో సంపుటంలో రాసుకున్నాడు, 1950లో వచ్చింది. వాళ్ళిద్దరికీ అది మాతృభాష, గమనించండి.

ఇంతకీ ఒకే మాటకి రెండు అర్థాలెలా వచ్చాయి? రెండింటికీ మూలం బ్రిటిష్ పార్లమెంటులో సభ మధ్యన ఉండే అసలు సిసలు బల్లే. కాగితం దాని మీద పెడితే సభ్యులందరికీ అందుబాటులోకి వచ్చినట్టు. అమెరికన్లు అదే ఆచారాన్ని తీసుకెళ్ళి ఇంకో వైపు నుంచి చూశారు: చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టేశామంటే, ప్రస్తుతానికి వదిలేసినట్టే కదా. మొదట్లో అది తాత్కాలికమే, తర్వాత మళ్ళీ ఎత్తుకోవచ్చు. హెన్రీ రాబర్ట్ అనే సైనిక ఇంజనీరు 1876లో వేసిన సభా నియమాల పుస్తకంలోనూ పద్ధతి అదే. కానీ అక్కడి ప్రతినిధుల సభలో ఇప్పుడు ఒక తీర్మానాన్ని టేబుల్ చేశారంటే చర్చ లేకుండానే దాని పీక నులిమేసినట్టు. బల్ల అదే, పని అదే, తర్వాత ఏం జరుగుతుందన్నదే తేడా.

మన లోక్‌సభ ఎజెండాలో మాత్రం సభ బల్లపై ఉంచే పత్రాలు అన్న అంశం ఇప్పటికీ బ్రిటిష్ అర్థంలోనే ఉంది. 2014 ఫిబ్రవరి 13న, పెప్పర్ స్ప్రే గొడవ మధ్య, తెలంగాణ బిల్లు టేబుల్ అయిందని ఇంగ్లీషు వార్తలొచ్చాయి. అసలు ప్రవేశపెట్టినట్టా కాదా అని ఇక్కడ మనవాళ్ళు కొట్టుకుంటుంటే, ఆ హెడ్‌లైన్ చూసిన నా అమెరికన్ కొలీగ్ "అయితే వాయిదా పడిందన్నమాట, ఇక గొడవ తగ్గుతుందిలే" అని నన్ను ఓదార్చాడు. అయిదు రోజులకి, 18న, లోక్‌సభలో పాసైంది. పాపం, ఆయనకి ఏం అర్థమైందో!

నేనైతే మినిట్స్‌లో ఆ మాట వాడటం మానేశాను. ఎవరైనా అంటే, వచ్చేవారం చూద్దామనా, ఇప్పుడే చూద్దామనా అని అడిగేస్తాను. కొందరు వింతగా చూస్తారు, చూడనీండి. ఆ వీకెండ్ రాసిన కోడ్‌ని ఎవరూ మెర్జ్ చెయ్యలేదు. ఆ కుర్రాడి అక్క పెళ్ళికి మాత్రం వాడు అడక్కుండానే వారం లీవు అప్రూవ్ చేయించా.