మిషన్ బడి నుంచి సర్కారు బడికి: లెక్కకు రాని సేవాకాలం

గుర్రం జాషువా (1895–1971) గుంటూరు లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్లు పనిచేసి, 1928 నుంచి మిషన్ వెలుపల తెలుగు పండితుడిగా కొనసాగాడని కవి జీవిత చరిత్రల్లో ఒక వాక్యంగా చదువుతాం. ఆ రోజుల్లో ఇలా కొలువు మారిన ఉపాధ్యాయుని పాత సేవాకాలం ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేస్తాం.

సమాధానానికి 1854 నాటి ఉడ్ తాఖీదు దాకా వెళ్లాలి. పాఠశాల ఏ మతం వారిదన్నది చూడకుండా, అక్కడి లౌకిక విద్యను బట్టి గ్రాంటు ఇవ్వాలని అది నిర్దేశించింది. మచిలీపట్నంలో 1843లో నోబుల్ స్థాపించిన పాఠశాల వంటి మిషన్ విద్యాసంస్థలకు ఈ విధానం అనుకూలించింది. అయితే గ్రాంటు చేరేది యాజమాన్యానికి. ఉపాధ్యాయుణ్ణి నియమించేదీ తొలగించేదీ ఆ యాజమాన్యమే. జీతంలో సర్కారు సొమ్ము ఉన్నా అతడు సర్కారు ఉద్యోగి కాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. వలస కాలపు సివిల్ సర్వీసు రెగ్యులేషన్స్ 361వ అధికరణం పింఛనుకు అర్హమైన సేవకు మూడు షరతులు పెట్టింది: సేవ ప్రభుత్వం కింద జరగాలి, ఉద్యోగం శాశ్వతమైనదై ఉండాలి, వేతనం ప్రభుత్వం చెల్లించాలి. మిషన్ ఉపాధ్యాయుడు మూడో షరతును సగమైనా దాటగలడేమో గాని మొదటిదాని దగ్గరే ఆగిపోతాడు. మిషన్ బడి విడిచి సర్కారు కొలువులో చేరితే పింఛను లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే. జిల్లా బోర్డు బడిలో చేరినా చిక్కు తీరదు. బోర్డు కొలువు కూడా నేరుగా ప్రభుత్వ కొలువు కాదు.

దీన్ని క్రైస్తవ సంస్థలపై వివక్షగా చదవడం పొరపాటు. హిందూ యాజమాన్యపు ఎయిడెడ్ బడికీ ఇదే నియమం. కాని నియమం సమానమైనంత మాత్రాన భారం సమానం కాదు. దళితులకు ఉపాధ్యాయ వృత్తిలోకి తొలి దారుల్లో ఒకటి మిషన్ బడి కాబట్టి, లెక్కకు రాని ఏళ్ల నష్టం వారికి మరింత బరువైనదని నా అభిప్రాయం.

పదవీ విరమణ సదుపాయాల్లో ఏకరూపత, సమానత ఉండాలనీ, ప్రభుత్వోద్యోగుల సదుపాయాలు క్రమంగా స్థానిక సంస్థల, ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకూ అందాలనీ కొఠారి కమిషన్ (1964–66) సూచించింది. అప్పటిదాకా భవిష్యనిధి, బీమా, పింఛను కలిసిన త్రివిధ ప్రయోజన పథకాన్ని విస్తరించమంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి కొత్త నియామకాలకు వాటాధన పింఛను పథకం వచ్చాక ప్రశ్న రూపమే మారింది. పాత సేవ కలిస్తే పింఛను ఎంత పెరుగుతుందన్నది పూర్వపు తగవు. ఇప్పుడు ఎయిడెడ్ బడిలో అంతకుముందే చేరి, ఆ తరువాత సర్కారు బడికి మారిన ఉపాధ్యాయునికి అసలు ఏ పింఛను వర్తిస్తుందో తేల్చేది, రెండు నియామక తేదీల్లో దేన్ని లెక్కలోకి తీసుకుంటారన్నదే.